పాత హార్వెస్టర్ కొన్నాం: చూసి కొనడం, సెట్ చేయడం, విత్తనం కలవకుండా కడగడం



ఈ వీడియోలో మా పాత వరి కోత మిషన్‌ని ముందు కట్టర్ నుంచి వెనక జల్లెడల దాకా విప్పి చూపించాను. మిషన్ శబ్దంలో కొన్ని మాటలు సరిగా వినపడవు, కొలతలు రాసుకోవడానికీ కుదరదు. అందుకే వివరంగా ఇక్కడ రాస్తున్నా. కొనే ఆలోచన ఉన్నవాళ్ళు ఓపికగా రెండుసార్లు చదవండి. మేం చేసిన ఒక పెద్ద తప్పు కూడా ఇందులో ఉంది. దాన్ని దాచిపెట్టి సెట్టింగులు మాత్రమే చెప్తే మీకు ఉపయోగం ఉండదు.

సొంత మిషన్ ఎందుకు?

మాది సూర్యాపేట జిల్లా, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. వ్యవసాయ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, ఎనిమిదేళ్ళ కిందట ఇంటికొచ్చి ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టా. ఇప్పుడు మేం ఐదుగురు రైతులం కలిసి 46 ఎకరాల్లో దేశీ వరి వేస్తున్నాం. మైసూర్ మల్లిగ, బహురూపి, కుజి పటాలియా, కాలాబట్టి, నవార ఇవీ మా రకాలు. బియ్యం పట్టించి అమ్ముతాం. కొంత విత్తనంగా తోటి రైతులకు ఇస్తాం.

బాడుగ మిషన్లతో మన బాధలు మీకు తెలిసినవే. సీజన్ మీద ఉన్నప్పుడు అరెకరం మడి అంటే ఎవరూ దిగరు. దిగినా, పక్క ఊళ్ళో ఎంటీయూ 1010 కోసి వచ్చిన మిషన్ అలాగే మన దేశీ మడిలోకి వస్తుంది. ట్యాంకులో, ఎలివేటర్లో ఉన్న వాళ్ళ గింజ మన బస్తాలోకి వస్తుంది. కలుపు విత్తనాలు కూడా దాంతోపాటే వస్తాయి. మూడేళ్ళు చేత్తో కలుపు తీసి శుభ్రం చేసుకున్న మడిలోకి ఒక్క రోజులో కొత్త కలుపు చేరుతుంది. దేశీ రకాలు ఎత్తుగా పెరిగి పడిపోతాయి కదా, డ్రైవర్‌కి విసుగు. "అన్నా, ఇది కోసే పైరు కాదు" అంటాడు. తొందరగా లాగించేస్తాడు. ట్యాంకులో వడ్లతోపాటు పొట్టు ఊడిన బియ్యం కనిపిస్తుంది. అది విత్తనానికి పనికిరాదు, నిల్వా ఉండదు.

కూలీలతో కోయించి కల్లంలో కొట్టించుకుంటే మేలే. రెండెకరాలున్న వాళ్ళకి ఇప్పటికీ అదే చెప్తా. 46 ఎకరాలకి మాకు మనుషులు దొరకలేదు. కొత్త మిషన్ మా స్తోమతకు మించింది. అందుకే పాతది చూశాం.

కొనేటప్పుడు ఏం చూడాలి

మన వైపు తిరిగే టైర్ల మిషన్లలో చాలా భాగం పంజాబ్‌లో నాభా, భాద్‌సోన్ లాంటి చోట్ల తయారైనవే. మాదీ అలాంటిదే. 2010 మోడల్, అశోక్ లేలాండ్ ఇంజన్, 14 అడుగుల కటింగ్. ఒక రైతు దగ్గర 6 లక్షల 10 వేలకు కొన్నాం. మేం ఇంజన్ చూశాం, రంగు చూశాం, టైర్లు చూశాం. గింజ నడిచే దారి చూడలేదు. తర్వాత రిపేరుకి ఇంకో 1 లక్ష 78 వేలు పెట్టాం. మొత్తం 7 లక్షల 88 వేలు, మనిషికి 1 లక్ష 57 వేల 600 పడింది. ఆ రిపేరు ఖర్చులో సగానికి పైగా కొనేటప్పుడే బేరంలో తగ్గించుకోవాల్సింది. మా మిస్త్రీ తర్వాత చెప్పాడు: "ఇంజన్ పోతే ఏ ఊళ్ళో అయినా చేస్తారు. డ్రమ్ము, ఎలివేటర్లు పోతే సీజన్ మధ్యలో కూర్చోవాల్సిందే." మీరు వెళ్ళేటప్పుడు ఈ వరసలో చూడండి.

ఇంజన్: పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. అమ్మేవాళ్ళు ముందే స్టార్ట్ చేసి వేడిగా ఉంచారంటే ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి. బ్రీదర్ పైపు నుంచి పొగ ఎగదన్నుతోందా, రేడియేటర్ నీళ్ళలో ఆయిల్ తెట్టు ఉందా చూడాలి.

హెడర్: పూర్తిగా పైకి లేపి, ఇంజన్ ఆపి, 20 నిమిషాలు వదిలేయండి. దానంతటదే కిందికి జారితే హైడ్రాలిక్ సీళ్ళు పోయాయి. ఆ సమయంలో దాని కింద ఎవరూ తల పెట్టొద్దు. పక్క నుంచి చూసి కట్టర్ బార్ వంగిందేమో గమనించండి. వంగితే ఎన్ని బ్లేడ్లు మార్చినా కోత సాఫీగా రాదు.

డ్రమ్ము, జాలి: కవర్ విప్పించండి. పళ్ళు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయా, కింద జాలి మధ్యలో కుంగిందా చూడండి. తర్వాత ఖాళీగా ఫుల్ రేజ్‌లో పది నిమిషాలు తిప్పించి ఆపాక బేరింగుల దగ్గర చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూడండి. క్యాబిన్‌లో కాళ్ళ కింద అదురు ఎక్కువగా ఉంటే డ్రమ్ము బ్యాలెన్స్ తప్పింది.

వాకర్లు: గడ్డిని దులిపి వెనక్కి పంపే స్ట్రా వాకర్లకి చెక్క బేరింగులు ఉంటాయి. చేత్తో ఊపితే తెలిసిపోతుంది. మా దాంట్లో సగం పోయాయి.

ఆగర్లు, ఎలివేటర్లు: ఆగర్ రెక్క అంచు కత్తిలా పలచబడిందంటే ఎక్కువ గంటలు తిరిగిన మిషన్. ఎలివేటర్ అడుగు రేకు వేలితో నొక్కండి. మా దాంట్లో తుప్పు మీద రంగు వేసి ఉంది, వేలు లోపలికి దిగింది. ఆ చిల్లులోంచి ఎన్ని వడ్లు నేలపాలయ్యేవో.

కాగితాలు: ఆర్‌సీ మీద ఉన్న ఛాసిస్ నెంబరు, ఇంజన్ నెంబరు మిషన్ మీద ఉన్నవాటితో సరిపోవాలి. ఫైనాన్స్ ఉంటే తీరినట్టు ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకోండి. పేరు మార్పుకి ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బులిచ్చే రోజే పెట్టించుకోండి.

ఇవన్నీ అయ్యాక, వీలైతే నిలబడి ఉన్న పైరులో అరెకరం కోయించి చూడండి. ఖాళీగా తిరిగినప్పుడు బయటపడని రోగం కోతలో బయటపడుతుంది.

మొదటి సీజన్‌లో మేం చేసిన తప్పు

రిపేరు అయ్యాక మొదటి వానాకాలం కోత. మా బావ ఎకరంన్నర కాలాబట్టి కోశాం. మర్నాడు నా విత్తనం మడి, మైసూర్ మల్లిగ. సొంత మిషనే కదా అని ధీమా. ట్యాంకు ఊడ్చాం, హెడర్ దులిపాం, ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పాం, కోసేశాం.

పట్టా మీద ఎండబోసినప్పుడు అక్కడక్కడా నల్ల గింజలు కనపడ్డాయి. తాలు గింజలనుకున్నా, నిజం చెప్పాలంటే అనుకోవాలనుకున్నా. వంగి నాలుగు గింజలు పొట్టు తీసి చూస్తే తెలిసేది. చూడలేదు. ఆ వడ్లలోంచి 300 కిలోలు విత్తనంగా పన్నెండు మంది రైతులకు తలా 25 కిలోలు ఇచ్చా.

తర్వాతి వానాకాలం నారు పోసిన మూడు వారాలకి ఒక పెద్దయ్య ఫోన్ చేశాడు. "ఏం బాబూ, నువ్విచ్చిన నారుమడిలో నల్లాకు మొక్కలు లేస్తున్నయ్, ఇదేం రకం?" కాలాబట్టి ఆకు ఊదా నలుపు రంగులో ఉంటుంది, పచ్చటి నారులో దూరం నుంచే తెలుస్తుంది. వెళ్ళి చూశా. నారుమడి గట్టు మీద నిలబడి నాకు మాట రాలేదు.

ఆ సాయంత్రమే మిగతా పదకొండు మందికి నేనే ఫోన్ చేసి చెప్పా. డబ్బులు వాపస్ ఇస్తా, లేదంటే నేనే వచ్చి కేళీలు తీయిస్తా అన్నా. ఇద్దరు డబ్బు తీసుకున్నారు. తొమ్మిది మంది నారులో, నాటాక పొలంలో తీసేసుకున్నారు. నాలుగు పొలాలకి నేనూ మా బావా మనుషుల్ని తీసుకెళ్ళాం. వరి ఎక్కువగా తన పుప్పొడితో తానే గింజ కట్టుకునే పంట. పూతకు ముందే వేరే మొక్క పీకేస్తే అంతటితో ఆగుతుంది. ఆ ఒక్క విషయం మమ్మల్ని బయటపడేసింది.

ఫోన్ చేసిన పెద్దయ్య మాత్రం డబ్బులొద్దన్నాడు. "డబ్బులు సరే, ఆ మిషన్ ఎక్కడ కడిగినవో నాకు చూపెట్టు" అన్నాడు. వచ్చాడు, ట్రాలీ అంచు మీద కూర్చున్నాడు. నేను ట్యాంకు చూపించా, హెడర్ చూపించా. "గింజ ఇంకెక్కడెక్కడ తిరుగుద్ది?" అని అడిగాడు. ఒక్కో చోటు చెప్పుకుంటూ పోయా. కొట్టుడు పడని కంకుల్ని మళ్ళీ డ్రమ్ముకి పంపే రెండో ఎలివేటర్ దగ్గరికి వచ్చాక దాని అడుగున ఉన్న చిన్న తలుపు తెరిచాం. మైసూర్ మల్లిగ అడుగున ముద్దకట్టి కాలాబట్టి గింజ ఇంకా ఉంది. చేతిలోకి తీస్తే రెండు గుప్పెళ్ళు.

అప్పుడు ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "నల్ల గింజ కాబట్టి దొరికినవ్. తెల్లదైతే ఎవరికి తెలుస్తుంది?"

నిజమే. బాడుగ మిషన్లతో కోయించిన ఇన్నేళ్ళూ తెల్లదాంట్లో తెల్లది ఎంత కలిసిందో మాకు తెలియదు. సొంత మిషన్ కొన్నంత మాత్రాన విత్తనం శుభ్రం కాదు. దాన్ని విప్పి కడిగే టైం మన చేతిలో ఉంటుంది, అంతే. ఆ టైం వాడకపోతే మన మిషన్ కూడా బాడుగ మిషనే.

కొంచెం గింజతో ఏమవుతుందిలే అనుకునేవాళ్ళకి ఒక లెక్క. విత్తన ప్రమాణాల ప్రకారం సర్టిఫైడ్ వరి విత్తనంలో వేరే రకం గింజలు కిలోకి 20కి మించకూడదు, ఫౌండేషన్ విత్తనంలో 10కి మించకూడదు. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగే రకం అయితే 100 గ్రాముల్లో 5,000 గింజలుంటాయి. అంటే మిషన్ మూలల్లో మిగిలిన 100 గ్రాములు 250 కిలోల విత్తనాన్ని ఆ హద్దు దాకా తీసుకుపోతాయి. మా ఎలివేటర్ అడుగున ఉన్నది అంతకన్నా ఎక్కువే.

రకం మారేటప్పుడు మేం కడిగే పద్ధతి

నీళ్ళు వాడం. తడి తగిలితే పొట్టు అంటుకుంటుంది, రేకు తుప్పు పడుతుంది. గాలి, బ్రష్షు, చెయ్యి ఇవే. కషాయాలు కొట్టే పవర్ స్ప్రేయర్‌ని ఖాళీ ట్యాంకుతో గాలికి వాడతాం. ఇద్దరు మనుషులకి రెండున్నర గంటలు పడుతుంది.

1. పాత మడిలోనే, కోత అయిపోయాక, ఫుల్ రేజ్‌లో పది నిమిషాలు ఖాళీగా తిప్పాలి. మధ్యలో ముందుకీ వెనక్కీ కదిలించి బ్రేకు వేస్తే మూలల్లో గింజ కదులుతుంది.

2. ఇంజన్ ఆపి తాళం చెవి తీసి, కడిగే మనిషి తన జేబులో పెట్టుకోవాలి. హెడర్ లేపి కింద చెక్క దిమ్మెలు పెట్టాలి. హైడ్రాలిక్‌ని నమ్మి కిందికి దూరొద్దు.

3. పై నుంచి కిందికి, ముందు నుంచి వెనక్కి రావాలి. ముందు ట్యాంకు, ట్యాంకు అడుగు ఆగర్, అన్‌లోడింగ్ పైపు. తర్వాత రీలు, ఫింగర్ల సందులు, హెడర్ ఆగర్ కింద, ఫీడర్ చైన్ గూడు.

4. డ్రమ్ము, జాలి, వాకర్ల పై భాగం, వాటి కింద కాలువలు. వాకర్ల మీద గడ్డిలో ఇరుక్కున్న కంకులు చేత్తోనే తీయాలి.

5. పై జల్లెడ, కింద జల్లెడ బయటికి లాగి దులపాలి.

6. ఎలివేటర్లు రెండు. మంచి గింజ ఎలివేటర్, రిటర్న్ ఎలివేటర్. రెండింటి అడుగు తలుపులూ తెరవాలి. అవి తెరిచే ఉంచి, మనుషుల్ని దూరంగా నిలబెట్టి రెండు నిమిషాలు మిషన్ తిప్పాలి. ఆపాక మళ్ళీ ఒకసారి గాలి కొట్టి మూయాలి.

7. ట్రాలీ, పట్టాలు, గోనె సంచులు కూడా దులపాలి. సంచుల్ని తిరగేసి దులపండి. మిషన్ ఎంత కడిగినా కల్లంలో కలిస్తే అదే నష్టం.

8. కొత్త మడిలో మొదటి చుట్టు వడ్లు, కనీసం రెండు బస్తాలు, విత్తనానికి తీసుకోం. అవి తిండికి. గట్టు వెంబడి పైరు కూడా విత్తనానికి పనికిరాదు కాబట్టి మొదటి చుట్టు గట్టు వెంబడే వేస్తే రెండు పనులూ అయిపోతాయి.

9. మూడో బస్తా నుంచి కిలో తీసి తెల్లగుడ్డ మీద పోసి చూస్తాం. లెక్కపెట్టి నోటుబుక్కులో రాస్తాం. అనుమానం వచ్చిన గింజ పొట్టు తీసి చూడాల్సిందే.

ఇంకో చిట్కా. ఒకేలా కనిపించే రెండు తెల్ల రకాలు వెంట వెంటనే కోయం. మధ్యలో ఎర్రదో నల్లదో తిండికి వేసిన మడి ఉంటే అది కోస్తాం. కలిసినా కంటికి కనపడుతుంది.

సెట్టింగులు

అందరికీ ముందు ఒక మాట. కోతలో ఇంజన్ రేజ్ ఎప్పుడూ ఫుల్‌లోనే ఉండాలి. మిషన్ నెమ్మదిగా పోవాలంటే గేరుతో, స్పీడు లివర్‌తో తగ్గించాలి కానీ రేజ్‌తో కాదు. రేజ్ తగ్గిస్తే డ్రమ్ము, గాలి ఫ్యాను, వాకర్లు, జల్లెడలు అన్నీ కలిసి తగ్గిపోతాయి. అప్పుడు గింజ గడ్డితో వెనక్కి పోతుంది.

నడక: మేం దేశీ వరిలో గంటకు రెండున్నర కిలోమీటర్లు దాటం. కొలవడం తేలిక. 10 మీటర్లు కొలిచి రెండు కర్రలు పాతండి. ఆ దూరం 15 సెకన్లలో దాటితే గంటకు 2.4 కిలోమీటర్లు.

తేమ: విత్తనం మడి 20 నుంచి 22 శాతం తేమలో కోస్తాం. మరీ ఎండితే గింజ లోపల పగుళ్ళు వస్తాయి, మరీ పచ్చిగా ఉంటే నలుగుతుంది, గడ్డి డ్రమ్ముకి చుట్టుకుంటుంది. కోశాక అదే రోజు పలచగా ఆరబోసి, 13 శాతం లోపుకి వచ్చాకే నిల్వ. పొద్దున మంచు ఆరేదాకా మిషన్ దింపం.

రీలు: మిషన్ నడక కన్నా రీలు కొంచెం వేగంగా తిరగాలి. మరీ వేగమైతే కంకుల్ని కొట్టి గింజ రాలుస్తుంది. పడిపోయిన పైరులో రీలుని ముందుకీ కిందికీ జరిపి, ఒరిగిన దిశకు ఏటవాలుగా నడిపితే మాకు బాగా వచ్చింది.

కట్టర్: బ్లేడు రెండు కొసలకీ వెళ్ళి ఆగినప్పుడు దాని మధ్య భాగం ఫింగర్ మధ్యకి రావాలి. అలా రాకపోతే కొయ్యకుండా పీకుతుంది.

డ్రమ్ము: మాది 60 సెంటీమీటర్ల డ్రమ్ము, పళ్ళ రకం. విత్తనానికి 600 ఆర్‌పీఎం దగ్గర ఉంచుతాం. అంటే పంటి కొన వేగం సెకనుకి దాదాపు 19 మీటర్లు. తిండి వడ్లకి 700 దాకా పోతాం, అప్పుడు 22 మీటర్లు. మీ డ్రమ్ము సైజు వేరైతే వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని 3.14తో, ఆర్‌పీఎంతో గుణించి 60తో భాగించండి. చేతిలో పట్టుకునే చిన్న టాకోమీటర్ ఒకటి కొనుక్కోండి. చెవితో అంచనా వేసిన ఆర్‌పీఎం మాకు ఒక్కసారీ సరిపోలేదు.

జాలి సందు: గడ్డి లోపలికి వచ్చే వైపు ఎక్కువ, బయటికి పోయే వైపు తక్కువ ఉండాలి. ఎడమా కుడీ సమానంగా ఉన్నాయో లేదో కూడా కొలవండి. పాత మిషన్లలో ఒక పక్క కుంగి ఉంటుంది.

ఇక తేడా వచ్చినప్పుడు ఏం చూడాలో చెప్తా.

ట్యాంకులో పొట్టు ఊడిన బియ్యం, నూకలు ఎక్కువగా ఉంటే ముందు డ్రమ్ము వేగం తగ్గించండి, తర్వాత జాలి సందు పెంచండి. అయినా తగ్గకపోతే రిటర్న్ ఎలివేటర్ చూడండి. అది నిండుగా పోతుంటే జల్లెడ మూసుకుపోయి మంచి గింజే మళ్ళీ మళ్ళీ డ్రమ్ముకి వెళ్ళి నలుగుతోంది.

వెనక గడ్డిలో గింజ ఊడని కంకులు కనిపిస్తే పైరు పచ్చిగా ఉందేమో ముందు చూడండి. పచ్చి కాకపోతే సందు కొంచెం తగ్గించండి, ఆ తర్వాతే వేగం.

వెనక మంచి గింజ విడిగా పడుతుంటే గాలి ఎక్కువైంది, లేదా పై జల్లెడ మూసుకుంది, లేదా నడక ఎక్కువైంది. ట్యాంకులో తాలు, గడ్డి ముక్కలు వస్తుంటే గాలి తక్కువైంది.

ఒకసారికి ఒక్కటే మార్చండి. 30 మీటర్లు కోసి దిగి చూడండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

వెనక పడే గింజకి లెక్క

ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. వెయ్యి గింజలు 20 గ్రాములనుకుంటే, పొలమంతా సగటున చదరపు అడుగుకి ఒక్క గింజ పడితే ఎకరానికి దాదాపు 870 గ్రాములు పోయినట్టు. 75 కిలోల బస్తాలు ఎకరానికి 20 వచ్చే మడిలో 1 శాతం అంటే 15 కిలోలు. అంటే సగటున అడుగుకి 17 గింజలు.

అయితే మిషన్ 14 అడుగులు కోసి గడ్డిని వెనక నాలుగున్నర అడుగుల వెడల్పులో పోస్తుంది. కాబట్టి ఆ గడ్డి కింద అడుగుకి ఎన్ని గింజలున్నాయో లెక్కపెట్టి 3తో భాగించండి. గడ్డి వరస కింద 50 గింజలుంటే సగటు 17, అంటే 1 శాతం నష్టం. అడుగు చదరం తీగె చట్రం ఒకటి చేసుకుని ఐదు చోట్ల వేసి చూడండి. కోయకముందే రాలిన గింజని పక్క మడిలో లెక్కపెట్టి, 3తో భాగించే ముందే గడ్డి కింది లెక్కలోంచి తీసేయండి, లేకపోతే నేరం అంతా మిషన్ మీద పడుతుంది.

గడ్డి, నేల

మన దాకా వస్తే గడ్డి చెత్త కాదు, ఆచ్ఛాదన, ఆవుల మేత. వాకర్ల మిషన్ గడ్డిని నలిపేయకుండా వరసగా పోస్తుంది కాబట్టి ఎత్తుకోవడం తేలిక. పశువుల మేతకి కావాల్సిన మడిలో హెడర్ కిందికి దించి కోస్తాం. మిగతా చోట్ల మోకాలు కన్నా కొంచెం కింద కోసి మోళ్ళు నేలకే వదిలేస్తాం. ఎత్తుగా కోస్తే డ్రమ్ములోకి పోయే గడ్డి తగ్గి గింజ కూడా శుభ్రంగా వస్తుంది.

ఈ మిషన్ బరువు ఏడెనిమిది టన్నులు. తడి నేలలో దింపితే జీవామృతంతో, వానపాములతో సంపాదించుకున్న గుల్లదనం అంతా అణిగిపోతుంది. కోతకు కనీసం పది రోజుల ముందు నీళ్ళు తీసేయండి. చెప్పు అచ్చు లోతుగా పడుతుంటే ఆ రోజు కోత వాయిదా వేయండి. ట్యాంకు నిండేదాకా ఆగకుండా సగంలోనే గట్టు దగ్గర దించుకుంటాం.

రోజూ గంట, ఏడాదికి వారం

కోత రోజుల్లో పొద్దున్నే ఒక గంట మిషన్‌దే. గ్రీజు నిప్పుళ్ళన్నిటికీ నెంబర్లు రాసి ఒక రేకు మీద అంటించాం. ఎవరు పెట్టినా ఒక్కటీ మిగలదు. ఎయిర్ క్లీనర్, రేడియేటర్ జాలి రోజుకి రెండుసార్లు దులపాలి. బెల్టు బిగువు, చైను వదులు, ఇంజన్ ఆయిలు, నీళ్ళు చూడాలి. సాయంత్రం ఇంజన్ ఆపగానే బేరింగుల వేడి చూడాలి. ఒక బేరింగ్ మిగతావాటి కన్నా వేడిగా ఉంటే అది రేపు పోతుంది, ఈ రాత్రే మార్చండి.

సైలెన్సర్ చుట్టూ పొట్టు పేరుకోనివ్వొద్దు. నిప్పు అక్కడే పుడుతుంది. మేం రెండు 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు, ఒక ఫైర్ సిలిండరు ఎప్పుడూ మిషన్ మీదే పెడతాం.

డ్రమ్ము పన్ను ఒకటి మార్చాల్సి వస్తే దానికి సరిగ్గా ఎదురు వైపున్నది కూడా మార్చాలి. లేకపోతే బరువు తేడా వచ్చి బేరింగులు తినేస్తుంది.

సీజన్ అయ్యాక వారం రోజుల పని. మొత్తం విప్పి కడగడం, బెల్టులు వదులు చేయడం, బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టడం, బ్లేడ్లకి, చైన్లకి ఆయిల్ పూయడం, షెడ్డులో దిమ్మెల మీద హెడర్ ఆనించడం. లోపల గింజ మిగిలితే ఎలుకలు చేరతాయి, చేరితే వైర్లు కొరుకుతాయి. విత్తనం కోసం నేర్చుకున్న కడుగుడే ఎలుకల మందు కూడా అయింది మాకు. పోయిన భాగాల లిస్టు అప్పుడే రాసి వేసవిలోనే తెప్పించుకోండి. కోతల్లో వెతికితే దొరకదు, దొరికినా రేటు వేరే ఉంటుంది.

డబ్బు లెక్క

దాపరికం లేకుండా చెప్తా. మా 46 ఎకరాలకి బాడుగ మిషన్ అయితే 45 గంటలు, గంటకు 2,200 చొప్పున 99 వేలు. సొంత మిషన్‌కి మేం నెమ్మదిగా కోస్తాం, మడి మడికీ తిరుగుతాం కాబట్టి 50 గంటలు. గంటకు 9 లీటర్ల డీజిల్, లీటరు 95 వేసుకుంటే 42,750. డ్రైవర్‌కి 25 వేలు. గ్రీజు, బెల్టులు, బేరింగులు, బ్లేడ్లు 30 వేలు. మొత్తం 97,750. అంటే బాడుగ మీద మిగిలింది 1,250 రూపాయలు. పెట్టుబడి మీద వడ్డీ కలిపితే నష్టమే.

కాబట్టి బాడుగ మిగులుతుందని మాత్రం పాత హార్వెస్టర్ కొనొద్దు. మాకు పని చేసింది రెండు కారణాల వల్ల. ఒకటి, చుట్టుపక్కల ప్రకృతి వ్యవసాయ రైతులకి కడిగిన మిషన్‌తో కోసి పెడుతున్నాం. కడిగే రెండున్నర గంటలకి కూడా కూలి తీసుకుంటాం, వాళ్ళ ఎదురుగానే కడుగుతాం. రెండు, విత్తనం మీద నమ్మకం తిరిగి వచ్చింది. ఐదుగురికి తక్కువగా, 40 ఎకరాల లోపు ఉంటే, లేదా మీలో ఒక్కరైనా స్పానర్ పట్టుకోవడానికి ఇష్టపడని గుంపు అయితే, బాడుగ మిషనే నయం. కాకపోతే కడిగించాకే మడిలోకి దించండి. దానికి రెండు గంటలు అదనంగా డబ్బివ్వాల్సి వచ్చినా ఇవ్వండి.

ఆ పెద్దయ్య తర్వాతి ఏడాది మళ్ళీ మా దగ్గరే విత్తనం తీసుకున్నాడు. తీసుకునే ముందు ట్రాలీ అంచు మీద అదే చోట కూర్చుని, "ఆ కింద తలుపు తెరువు" అన్నాడు. తెరిచా. వేలు పెట్టి తిప్పి చూసుకున్నాడు, దుమ్ము తప్ప ఏమీ లేదు. 25 కిలోల సంచి భుజాన వేసుకుని పోయాడు.

ఈసారి మీ మడిలోకి ఏ మిషన్ వచ్చినా, సొంతదైనా బాడుగదైనా, ముందు ఆ రెండు తలుపులు తెరిపించండి. ఏం దొరికిందో కింద కామెంట్లో రాయండి. సెట్టింగుల్లో మీకు వేరే అనుభవం ఉంటే అదీ చెప్పండి, మేమూ నేర్చుకుంటాం.